లాప్‌టాప్ తెరుచుకునేలోపు

వజ్జాన్,
నవంబరు, జుమా నమాజు తర్వాత

తమ్ముడు ముఫద్దల్‌కు అక్క బతూల్ సలాం. మరదలు గిజ్లాన్‌కూ పాపకూ దువాలు.

నేను క్షేమం. పిల్లి క్షేమం. ఈసారి ఆలివ్ కాయ తక్కువే, కానీ నూనె చిక్కగా దిగుతుందంటున్నారు. దేవుడిచ్చింది చాలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్‌లో నువ్వు "బాగున్నానక్కా" అని పెట్టేస్తావు. వెనక ఎవరో హారన్ కొడుతూ ఉంటారు. డ్రైవింగ్ నేర్పే మనిషితో ఫోన్‌లో స్థిమితంగా మాట్లాడటం నా వల్ల కాదు.

విషయం లాప్‌టాప్ గురించి. మీ డ్రైవింగ్ స్కూలు వాళ్లు తీసి పారేస్తుంటే నువ్వు తెచ్చిచ్చినదే. దాని పుణ్యమా అని కోర్టు ఎదురుగా గొడుగు కింద ఇన్నాళ్లూ నా బల్ల నడిచింది. చదువురానివాళ్లు చెప్పేది దాని మీద కొట్టి, అచ్చు తీసి చేతిలో పెడుతున్నాను. ఇప్పుడది ముసలిదైపోయింది. బటన్ నొక్కి తస్బీహ్ మొదలుపెడితే మాల పూర్తవుతుంది గాని, తెర మీద చక్రం తిరగడం ఆగదు.

నాకది కష్టమనిపించదు. ఆ కాసేపట్లో మీ అందరి పేర్లూ ఒక్కొక్కటిగా తలుచుకుని దువా చేసుకుంటాను. కష్టం ఎదుట కూర్చున్నవాళ్లకు. మొన్న ఒక తల్లి కొండ ఊరి నుంచి వచ్చింది. ఆమె అర్జీ సగంలో ఉండగా లాప్‌టాప్ బిగుసుకుపోయింది. మళ్లీ తెరుచుకునేసరికి ఆఫీసు కిటికీ మూసేశారు. ఆమె నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

కొత్తది కొనే స్తోమత లేదు. దీన్నే బాగుచేయించే దారి ఏదైనా ఉందా? నీకు తెలిసినవాళ్లను అడుగు. తొందర లేదు అని రాద్దామనుకున్నాను. కానీ ఉంది.

అక్క
బతూల్


కాసాబ్లాంకా,
నవంబరు చివర

లల్లా బతూల్ అక్క చేతులకు ముఫద్దల్ ముద్దులు.

అక్కా, నీ ఉత్తరం స్కూల్లో అందరికీ చూపించాను. "ఇంత గుండ్రంగా రాసేవాళ్లు ఇంకా ఉన్నారా?" అన్నాడు మా యజమాని. మా అక్క వృత్తే అది అన్నాను. "మరి నువ్వేంటి కోడి కెలికినట్టు రాస్తావు?" అన్నాడు. నువ్వు కొట్టి నేర్పలేదు కాబట్టి అని చెప్పాను.

నీ లాప్‌టాప్‌కి వచ్చింది ముసలితనం కాదు, కీళ్లనొప్పి. దర్బ్ గల్లెఫ్ బజారులో కంప్యూటర్లు బాగుచేసే సి లర్బీ ఉన్నాడు కదా, ఆయన్ని అడిగాను. లోపల ఉన్నది పాత రకం డిస్కు. గ్రామఫోను ప్లేటులాగా తిరుగుతూ వెతుక్కుంటుంది. అది తీసేసి ఎస్ఎస్‌డీ పెడితే చాలు. అందులో తిరిగేదేమీ లేదు, అడగ్గానే ఇచ్చేస్తుంది. నాది కూడా నీ దాని వయసుదే కదా, నిరుడు వేయించాను. అప్పటి నుంచి పిల్లలకు రోడ్డు గుర్తుల పాఠం చెప్పేటప్పుడు బొమ్మ తరవాత బొమ్మ టకటకా వస్తోంది.

ఇప్పుడు ఏది కొనాలన్నదే ప్రశ్న. సి లర్బీ బల్ల మీద పరిచి చూపించాడు. సన్నటి కమ్మీలాంటివి కొన్ని. "ఇవి మెరుపు" అన్నాడు. మరి ఇదే ఇవ్వు అన్నాను. "నీ అక్క లాప్‌టాప్‌లో ఇది దూరే కంతే లేదయ్యా, చెవికి పెట్టుకుంటుందా?" అన్నాడు. పాత వాటికి చదునుగా పెట్టెలా ఉండేదే సరిపోతుందట. అందులోనూ ఖరీదైన వేగం అక్కర్లేదట. లోపలి దారి ఇరుకు, ఎంత పరిగెత్తేది పెట్టినా ఆ దారిలో నడవాల్సిందే.

మిగిలినవి రెండు. ఒకటి ఎవరూ వినని పేరుది. పెద్దది, చవక, గ్యారంటీ మాత్రం సి లర్బీ నోటి మాట. రెండోది పేరున్న కంపెనీది. చిన్నది, కాస్త ధర ఎక్కువ, మూడేళ్ల గ్యారంటీ కాగితం మీద ఉంది. "ఏం దాచుకుంటుందో చెబితే ఏది కావాలో చెబుతా" అన్నాడాయన. నువ్వేం దాచుకుంటావక్కా?

గిజ్లాన్ సలాం చెప్పమంది. పాప నీ చేతి చిక్కుడుగింజల బైసారా తలుచుకుని ఇక్కడి పప్పు సూపుకి వంకలు పెడుతోంది.

నీ
ముఫద్దల్


వజ్జాన్,
డిసెంబరు

తమ్ముడికి,

నేనేమీ దాచుకోను. నా పద్ధతి నీకు తెలియదు కాబోలు, చెబుతాను.

నా ముందు కూర్చునేవాళ్లు మొగుడు కొట్టిన సంగతి చెబుతారు. అన్న పొలం రాయించుకున్న సంగతి చెబుతారు. తల్లికి కూడా చెప్పనివి చెబుతారు. రాశాక చదివి వినిపిస్తాను. కాగితం అచ్చు తీసి ఇస్తాను. తరవాత తెర వాళ్ల వైపు తిప్పి, వాళ్ల కళ్ల ముందే తుడిచేస్తాను. "ఇది నీ అమానతు, నువ్వు నమ్మి అప్పగించినది. నా దగ్గర ఏమీ మిగల్లేదు" అంటాను. అప్పుడు లేస్తారు. కొందరు ఆ మాట కోసమే పక్క బల్ల వదిలి నా దగ్గరికి వస్తారు.

కాబట్టి చిన్నది చాలు. పేరున్నది తీసుకో. నోటి మాట గ్యారంటీ మంచిదే, కానీ సి లర్బీ కాసాబ్లాంకాలో, నేను వజ్జాన్‌లో. ఏది మేలో చూపమని ఇస్తిఖారా నమాజు చదివాను. మనసు దాని వైపే నిలిచింది.

లాప్‌టాప్ పొద్దుటి బస్సులో పంపుతున్నాను. దుప్పటిలో చుట్టాను. సంచిలో ఉన్న నూనె గిజ్లాన్‌కు. అందులో పెట్టిన కవరు డిస్కుకు. చాలకపోతే చెప్పు, దాచిపెట్టకు.

బతూల్


కాసాబ్లాంకా,
డిసెంబరు

లల్లా అక్కకు,

డిస్కు కోసం ఇస్తిఖారా చదివిన మొదటి మనిషివి నువ్వే అయ్యుంటావు. సి లర్బీకి చెబితే నవ్వలేదు సుమా. "మరి నేను గట్టిదే అమ్మాలి" అని పెట్టె ముట్టుకునే ముందు చేతులు కడుక్కొచ్చాడు.

లాప్‌టాప్ విప్పాడు. లోపల పిల్లి బొచ్చు ఒక గుప్పెడు. నువ్వులు కూడా దొరికాయి. "మీ అక్క దీని మీద షెబ్బాకియా మిఠాయి చేస్తుందా?" అన్నాడు. అక్కా, దీన్ని గొర్రెచర్మం మీద పెట్టకు. కింద ఊపిరి తీసుకునే రంధ్రాలున్నాయి, ఉన్నిలో మూసుకుపోతున్నాయి. చెక్క మీద పెట్టు. ఆ అల్లిక గుడ్డ కూడా పని అయ్యాకే కప్పు. నీ అల్లికను ఏమీ అనడంలేదు.

నువ్వు చెప్పిందే వేయించాను. అరబ్బీ అక్షరాలు, నీకు అలవాటైన రాత పద్ధతి, అచ్చు యంత్రం, అన్నీ సరిచూశాను. తాళం పదం కూడా పెట్టించాను, మన అమ్మ మనల్ని పిలిచే ముద్దుపేర్లు వరసగా. నువ్వు మరిచిపోవని.

నీ కవరు సరిపోయింది. సరిగ్గా సరిపోయింది.

ఈ ఉత్తరం లాప్‌టాప్‌తో పాటే వస్తోంది. తెరిచి చూడు, ఫోన్ చెయ్యి. లేదులే, రాయి.

ముఫద్దల్


వజ్జాన్,
జనవరి

నా తమ్ముడికి,

అల్‌హందులిల్లాహ్.

బటన్ నొక్కి బిస్మిల్లా అన్నాను. తల ఎత్తేసరికి తెరుచుకుని ఉంది. పాడైందనుకుని ఆపేశాను. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. అప్పుడు నవ్వొచ్చింది. పిల్లి నా వంక చూసింది.

ఆ కొండ ఊరి తల్లి మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె కూర్చుని, జెల్లాబా సర్దుకుని, ఊపిరి తీసుకునేలోపే నేను సిద్ధంగా ఉన్నాను. కిటికీ మూయకముందే అర్జీ లోపలికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ నీకు దువా చేసింది. నీ పేరడిగింది, చెప్పాను. నా ముందు కూర్చునేవాళ్ల పేర్లు నేను ఎవరికీ చెప్పను, కానీ నీ పేరు వాళ్లకు చెప్పొచ్చనుకున్నాను.

పక్క బల్ల హాజ్ తైబీ వచ్చి చూసి వెళ్లాడు. "కొత్తదా లల్లా?" అన్నాడు. "పాతదే. లోపల గుండె మార్చాడు మా తమ్ముడు" అన్నాను. "నాకూ అలాంటి తమ్ముడుంటే బాగుండు" అన్నాడు. నాకు గర్వం వచ్చింది. దేవుడా క్షమించు, అస్తగ్‌ఫిరుల్లాహ్, అనుకున్నాను, కానీ వచ్చింది.

గొర్రెచర్మం తీసేశాను. ఇప్పుడు దాని మీద పిల్లి పడుకుంటోంది.

ఒక్క విషయం. సంచిలో పాత డిస్కు లేదు. నీ దగ్గరుంటే తరవాత పంపు. ఎన్నో ఏళ్లు పనిచేసింది, ఇంట్లో ఉంటే బాగుంటుంది.

బతూల్


కాసాబ్లాంకా,
జనవరి

లల్లా అక్కకు,

నీ ఉత్తరం చదివి గిజ్లాన్ కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, మగవాణ్ని కదా, బాల్కనీలోకి వెళ్లాను.

పాత డిస్కు సంగతి. నువ్వు ఎంచుకున్నది కాస్త ప్రియమైంది. పాతది ఇచ్చేస్తే ఆ తేడా తగ్గిస్తానన్నాడు సి లర్బీ. ఇచ్చేశాను. కవరు సరిగ్గా సరిపోయింది అన్నాను చూడు, అలా సరిపోయింది. నీకు చెబితే "నూనె అమ్మి ఇస్తాను" అంటావని చెప్పలేదు.

ఎలాగూ రోజూ తుడిచేస్తావు కదా, ఖాళీ డబ్బాయే. గుర్తుగా దాచుకుందామనుకుంటే ఇంకేదైనా తెస్తాలే.

ముఫద్దల్


వజ్జాన్,
ఫిబ్రవరి

ముఫద్దల్‌కు,

నిన్ను కోప్పడటానికి రాయడంలేదు. ముందే చెబుతున్నాను.

మా వీధి టీచరమ్మ ఫోన్‌లో పొరపాటున పిల్లల ఫొటోలన్నీ తుడిచేసుకుంది. ఏడుస్తూ ఫొటో స్టూడియోకి వెళ్లింది. అతను ఏదో నడిపి, అన్నీ వెనక్కి తెచ్చిచ్చాడట. నిన్న సంబరంగా వచ్చి నాకు చెప్పింది. "తుడిచినవి పోవట లల్లా. పైన కప్పు వేస్తుందంతే. కింద ఉంటాయట."

నేను ఆమెకు టీ పోశాను. ఫొటోలు చూశాను. మాషా అల్లా అన్నాను. ఆమె వెళ్లాక కూర్చుండిపోయాను.

నా డిస్కులో ఎన్నో ఏళ్ల ఉత్తరాలు పడ్డాయి. అన్నీ నేను తుడిచినవే. అంటే అన్నీ ఉన్నవే. తెర వాళ్ల వైపు తిప్పి నేనన్న మాట అబద్ధమా? తెలియక అన్నాను. కానీ వాళ్లు నమ్మి లేచారు. ఇప్పుడు ఆ డిస్కు ఏ ఊళ్లో, ఎవరి చేతిలో ఉందో.

ఒక ఆడపిల్ల ఉంది. పేరు రాయను. తన అత్తింటి గురించి నాతో రాయించుకున్నది బయటికొస్తే ఆమె ఆ ఇంట్లో ఉండలేదు. అలాంటివాళ్లు ఎంతమందో నాకే తెలియదు.

ఈ రోజు బల్ల తీయలేదు. గొడుగు మడిచి ఇంట్లో పెట్టాను. ఆ మాట అనకుండా రాయడం నాకు చేతకాదు. ఆ మాట అనడం ఇప్పుడు చేతకాదు.

అది నా చేతికి రావాలి. వెతుకు తమ్ముడూ.

బతూల్


కాసాబ్లాంకా,
ఫిబ్రవరి

అక్కా,

ఉత్తరం అందగానే పాఠం మధ్యలో ఆపి వెళ్లాను. ఒక పిల్లాడు రౌండ్‌అబౌట్ దగ్గరే ఆగిపోయాడు, ఇంకా అక్కడే తిరుగుతున్నాడేమో.

సి లర్బీని అడిగాను, తుడిచినవి తిరిగొస్తాయా అని. ఆయన నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "కావాలని తవ్వితే వస్తాయి. ఎందుకు?" అన్నాడు. చెప్పాను. "ఈ మాట ఆ రోజే చెప్పొద్దూ? కోర్టు ఉత్తరాలున్నాయని నాకేం తెలుసు? నీ అక్క వంట చిట్కాలు దాచుకుంటుందనుకున్నా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన తప్పు లేదక్కా. నేనే అన్నాను, ఖాళీ డబ్బా అని.

డిస్కును ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో పెట్టి, కొత్తగా అన్నీ ఎక్కించి అమ్మేశాడు. కొన్నది సలే ఊళ్లో ఒక దర్జీ. పేరు కంజా. పెళ్లికూతుళ్లకు తక్షీతాలు కుడుతుందట. ఫోన్ నంబరు దొరికింది. చేస్తే, "అన్నా, పెళ్లిళ్ల సీజను, ఊపిరాడటం లేదు, ఆదివారం రా" అంది. నేను ఆదివారం వెళ్తున్నాను.

నువ్వు నన్ను తిట్టకపోవడం తిట్టినదానికంటే ఎక్కువగా ఉంది. ఒక్కసారి తిట్టి రాయి.

ముఫద్దల్


వజ్జాన్,
ఫిబ్రవరి

తమ్ముడికి,

తిట్టను. నువ్వు నాకు ఖర్చు తగ్గించబోయావు. నేను తుడిచానని నువ్వు నమ్మావు. నేనూ నమ్మాను. ఇద్దరం ఒకే తప్పు చేశాం.

అర్ధరాత్రి తహజ్జుద్ నమాజులో నీ కోసం అడుగుతున్నాను. ఆ కంజా కోసం కూడా. ఆమె ఎదుట గట్టిగా మాట్లాడకు. ఆమె కొనుక్కుంది, అది ఆమెది. అడగడమే మన వంతు.

రోడ్డు మీద జాగ్రత్త. ఆ పిల్లాణ్ని రౌండ్‌అబౌట్ నుంచి బయటికి తీశావా?

అక్క


కాసాబ్లాంకా,
రంజాన్ మొదటి వారం

లల్లా అక్కకు రంజాన్ ముబారక్.

ఈ కవరుతో పాటు బస్సు డ్రైవరు నీకొక చిన్న పొట్లం ఇస్తాడు. గిజ్లాన్ షాలులో చుట్టి కుట్టేసింది. విప్పితే నీ డిస్కు. వెనక మూలన అప్పట్లో మా స్కూలు వాళ్లు అంటించిన పసుపు చీటీ సగం అలాగే ఉంది, చూడు.

జరిగింది చెబుతాను. కంజా ఇల్లంతా జరీ దారాలే. కూర్చోవడానికి చోటు లేక ఒక పెళ్లికూతురి బట్టల మూట పక్కన ఒదిగి కూర్చున్నాను. "దాని మీద వాలావంటే నా చేతిలో చస్తావు" అంది. సరే అన్నాను. నీ సంగతి చెప్పాను. పేర్లు లేకుండా, నీ పద్ధతిలోనే.

"నేను ఆ లాప్‌టాప్ తెరిస్తే నా డిజైన్లు తప్ప ఏమీ కనపడలేదన్నా. నేనేం తవ్వలేదు, నాకు సూదిలో దారం ఎక్కించడానికే టైము లేదు" అంది. ఆ ఒక్క మాటకి నాకు సగం ప్రాణం వచ్చింది. డబ్బిస్తాను, డిస్కు ఇవ్వమన్నాను. "డబ్బేం చేసుకోను? రేపు పొద్దున పెళ్లివాళ్లొస్తే నోటు చూపించనా, డిజైను చూపించనా? పని ఆగకుండా ఇంకోటి పెట్టి, నా బొమ్మలన్నీ అందులోకి దింపిస్తే తీసుకెళ్లు."

ఏర్పాటు చేశాను. ఇద్దరం సి లర్బీ దగ్గరికే వెళ్లాం. దింపడం అయ్యాక, పాతదాన్ని పూర్తిగా చెరిపేసే పద్ధతి ఉందన్నాడాయన. కావాలంటే తనే చేస్తాను, తన దగ్గరే వదిలెయ్యమన్నాడు. నేను వద్దన్నాను. చెరిపేశారట అని ఇంకొకరి మాట నిన్ను మళ్లీ నమ్మమనడం నాకిష్టం లేకపోయింది. నీ చేతికి రావాలన్నావు, వస్తోంది.

కంజా తన లాప్‌టాప్ తెరిచి, "అమ్మో, ఇదేంటి, తలుపు తట్టకముందే తీసేసింది!" అని గట్టిగా నవ్వింది. వెళ్లేటప్పుడు, "మీ అక్కకి చెప్పు, నేను రాయించుకోవాల్సిన ఉత్తరం కూడా ఒకటుంది. ఎప్పుడైనా వజ్జాన్ వస్తాను" అంది. ఏం ఉత్తరమో నేనడగలేదు.

ఉపవాసాలు బాగా సాగుతున్నాయి. స్కూల్లో పాఠం మొదలెట్టే ముందు ఇప్పుడు నేనూ తస్బీహ్ తిప్పుతున్నాను. బొమ్మ వచ్చేలోపు ఒక చుట్టు అయిపోతుంది. నువ్వన్నది నిజమే, ఆ కాసేపు మంచిది. హరీరా సూపులో శనగలు తగ్గించు, నీకు పడవు.

ముఫద్దల్


వజ్జాన్,
రంజాన్ మధ్యలో

నా తమ్ముడు ముఫద్దల్‌కు,

అందింది. పసుపు చీటీ చూశాను, నాదే. గిజ్లాన్ కుట్టు విప్పడానికి మనసొప్పలేదు. అంత శ్రద్ధగా కుట్టింది.

వెల్డింగ్ కొట్టుకు తీసుకెళ్లాను. మధ్యలో రంధ్రాలు వేయించాను. "లల్లా, దీని మీద కోపమా?" అన్నాడతను. లేదన్నాను. లోపలి పళ్లెం అద్దంలా ఉంది. ఇంత చిన్నదాంట్లో ఇంతమంది కన్నీళ్లు ఉన్నాయా అనిపించింది. మా అర్జీలన్నీ బిస్మిల్లాతోనే మొదలవుతాయి కదా. అందుకని మసీదులో దేవుడి పేరున్న పాత కాగితాలు పాతే చోటే దీన్నీ పాతించాను. ఇమామ్‌కు అన్నీ చెప్పాను. ఆయన తనే పార తెచ్చాడు.

మర్నాడు గొడుగు తెరిచాను.

పాత మాట అనలేదు. "తుడిచాను. తాళం వేశాను. నా చేతిలో ఉన్నంతవరకు కాపాడతాను. తుడిచినా అడుగున ఏదైనా మిగలొచ్చు, అది నాకు ఇప్పుడే తెలిసింది" అన్నాను. లేచి వెళ్లిపోతారనుకున్నాను. మొదట వచ్చింది ఒక ముసలామె. అంతా విని, "ఆ పెట్టెలో ఏముంటుందో నాకేం తెలుసమ్మా. నేను నీ మొహం చూసి కూర్చున్నాను. ఊ, రాయి" అంది. రాశాను.

ఆ ఆడపిల్ల ఇంటికి వెళ్లి వచ్చాను. నిమ్మకాయలు తీసుకెళ్లాను. ఏమీ అడగలేదు. ఆమె నవ్వుతూ పలకరించింది. అది చాలు.

దేవుడు నీకు మేలు చేయుగాక. నువ్వు నాకు ఒక డిస్కు కొనిచ్చావు. తరవాత నా మాట నాకు తెచ్చిచ్చావు.

ఇక ఒకటి అడుగుతాను. నా బల్ల ముందు కూర్చునేవాళ్లు చెప్పకుండా వదిలేసిందే అర్జీలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది అదొక్కటే. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు నీ లాప్‌టాప్‌కి కొత్తది ఎప్పుడో వేయించావు. బొమ్మ తరవాత బొమ్మ టకటకా వస్తోందని రాశావు. మరి ఇప్పుడు తస్బీహ్ ఒక చుట్టు తిరిగేదాకా నువ్వెందుకు ఎదురుచూస్తున్నావు?

బతూల్


కాసాబ్లాంకా,
రంజాన్ ఆఖరి రోజులు

అక్కా,

నీతో అబద్ధమాడటం కంటే పోలీసుతో ఆడటం సులువు.

అవును. కంజాకు ఇచ్చింది నాదే. ఆ నెల పాప పళ్ల డాక్టరు, కారు క్లచ్చి, రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఇంకోటి కొనేదాకా ఆగితే ఆమె మనసు మారుతుందేమో, డిస్కు ఇంకెక్కడికైనా పోతుందేమో అని భయమేసింది. నా పాత డిస్కు డ్రాయరులోనే ఉంది. అది మళ్లీ బిగించాను. చాలా బాగా పనిచేస్తోంది, ఒంటెలా. ఆగుతుంది, లేస్తుంది, నమిలి నమిలి నడుస్తుంది.

పిల్లలు వేళాకోళం చేస్తున్నారు. "సార్, ఆ గుర్తు వచ్చేలోపు మాకు లైసెన్సు వచ్చేస్తుంది" అన్నాడొకడు. పరవాలేదు. గుర్తు వచ్చేలోపు అదేమిటో నోటితో చెప్పిస్తున్నాను. పరీక్షలో ఈసారి అందరూ పాసయ్యారు. నిజం.

నువ్వేమీ పంపకు. పంపితే తిప్పి పంపిస్తాను. చిన్నప్పుడు నీ రొట్టె నాకు పెట్టి, ఆకలి లేదనేదానివి. నేను నమ్మేవాణ్ని. ఇప్పుడు నా వంతు అనుకో.

ఈద్‌కు సెలవు దొరికితే వస్తాం.

ముఫద్దల్


వజ్జాన్,
ఈద్ మర్నాడు

నా ముఫద్దల్‌కు, గిజ్లాన్‌కు, పాపకు ఈద్ ముబారక్.

సెలవు దొరకలేదని తెలిసింది. అందుకే పొట్లం బస్సులో వస్తోంది. తిప్పి పంపకు. బస్సు డ్రైవరుకు చెప్పాను, వెనక్కి తీసుకోవద్దని. అతని తల్లి ఉత్తరాలు నేనే రాస్తాను. నా మాట వింటాడు.

బస్టాండు పక్క కంప్యూటర్ కొట్టుకు వెళ్లాను. కుర్చీ వేశాడు. ఎంతలో కావాలి లల్లా అన్నాడు.

"తక్కువలో. కానీ పేరున్న కంపెనీది. గ్యారంటీ కాగితం మీద ఉండాలి, నోటితో కాదు. సన్న కమ్మీ రకం వద్దు, చదునైన పెట్టె కావాలి. లాప్‌టాప్ పాతది, మరీ వేగమైనది దండగ. బొమ్మలు పెట్టుకుంటాడు కాబట్టి నాదాని కంటే కాస్త పెద్దది."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "మీరు కోర్టు దగ్గర ఉత్తరాలు రాసే ఆవిడ కాదూ?"

"ఔను."

"మరి ఇవన్నీ ఎలా తెలుసు?"

"మా తమ్ముడు రాశాడు. ఇంటికొచ్చిన ఉత్తరాలు నేను దాచుకుంటాను."

తీసి చూపించాడు. పెట్టె మీదిదంతా చదివాను. కళ్లజోడు మార్చుకుని మళ్లీ చదివాను. "పాతదుంటే తెమ్మనండి, తగ్గిస్తాను" అన్నాడు.

"పాతది ఇవ్వం" అన్నాను.

ఇక నీకొక సంగతి చెప్పాలి. లాప్‌టాప్ వేగమయ్యాక నాకు చిన్న లోటు వచ్చింది. ఇదివరకు అది తెరుచుకునేలోపు మీ అందరి పేర్లూ చెప్పుకునేదాన్ని. ఇప్పుడు బిస్మిల్లా దగ్గరే తెరుచుకుంటుంది. కొన్ని రోజులు మీరంతా నా దువాలో వెనకబడ్డారు. అందుకే పద్ధతి మార్చాను. పొద్దున గొడుగు వేసి, మూత మీద చెయ్యి పెట్టి, ముందు పేర్లన్నీ చెప్పుకుంటాను. పాప, గిజ్లాన్, సి లర్బీ. కంజా కూడా. ఆ తల్లి, ఆ ఆడపిల్ల. అందరికన్నా ముందు నువ్వు.

అదయ్యాకే మూత తెరుస్తాను. ఎదుట కూర్చున్నవాళ్లు ఆగుతారు. ఎందుకాగాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నిన్న ఒకామె నాతో పాటు కళ్లు మూసుకుని, తనూ ఏదో చెప్పుకుంది.

గొర్రెచర్మం మీద పెట్టకు.

అక్క
బతూల్